నానమ్మ మోకాళ్లు, పసిఫిక్ అలలు

అమెరికా నుంచి హైదరాబాద్ తిరిగొచ్చేసిన ఇళ్లలో వేసవి సెలవులకు పిల్లల్ని మళ్లీ అటు తీసుకెళ్లడం మామూలే. ఈమధ్య తాతయ్యనీ నానమ్మనీ కూడా వెంటబెట్టుకుని వెళ్తున్నారు. మూడు తరాలకీ సరిపడే చోటు ఆరెగాన్ తీరంలో ఒకటుంది: సయూస్లా నేషనల్ ఫారెస్ట్, అందులోనూ యాహాట్స్ ఊరి పక్కనున్న కేప్ పర్పెచువా అనే సముద్రతీరపు కొండ. అడవి అక్కడ నేరుగా సముద్రపు ఒడ్డుకు దిగుతుంది.

కసరత్తు హైదరాబాద్‌లోనే మొదలుపెట్టాలి. కేబీఆర్ పార్క్‌లో రోజూ నడుస్తున్నాం కదా అన్న ధీమా చాలదు, అది చదును బాట. ఆరెగాన్ అడవిలో వేర్లు, బురద, తడి రాళ్లు. గోల్కొండ మెట్లు ఎక్కించి, దింపి చూడండి. మోకాళ్ల సంగతి దిగేటప్పుడే బయటపడుతుంది. కొత్త బూట్లయితే విమానం ఎక్కేముందే రెండు వారాలు తొడిగించాలి.

మే ఎండల్లో సర్దిన సూట్‌కేసులో స్వెటర్ ఉండదు. ఆ తీరంలో జూన్‌లో కూడా పగలు 15–18 డిగ్రీలే, పైగా గాలి, పొగమంచు. నూలు బట్ట తడిస్తే ఒక పట్టాన ఆరదు, ఒళ్లు చల్లబడిపోతుంది. లోపల పాలిస్టర్, దానిమీద ఫ్లీస్, ఆపైన వాన జాకెట్ వేయాలి. చీర కుచ్చిళ్లు తడి ఆకులకు తగిలి బరువెక్కుతాయి, పంజాబీ డ్రెస్సే నయం. మంకీ క్యాప్ చూసి మనవలు నవ్వితే నవ్వనివ్వండి.

టిఫిన్ వేళను బట్టి కాదు, ఆటుపోట్ల పట్టికను బట్టి రోజు ప్లాన్ వేసుకోవాలి. రాళ్ల గుంటల్లో స్టార్‌ఫిష్‌లు, పువ్వుల్లా కనిపించే ఆకుపచ్చ ఎనిమోన్ జీవులు కనిపించాలంటే నీరు పూర్తిగా తగ్గే సమయానికి గంట ముందే చేరుకోవాలి. మళ్లీ పెరగడం మొదలైతే బయటికి వచ్చేయడమే. వేసవిలో బాగా తగ్గే ఆటు ఎక్కువగా పొద్దున్నే పడుతుంది. పోర్ట్‌లాండ్ నుంచి దాదాపు మూడు గంటల దారి కనుక, ముందురోజు రాత్రికే యాహాట్స్‌లోనో న్యూపోర్ట్‌లోనో దిగాలి. అదే థోర్స్ వెల్ అనే రాతి గుంతలోకి నీళ్లు పడి పైకి చిమ్మడం చూడాలంటే పోటు కావాలి, అదీ దూరం నుంచే. రెంటికీ మధ్య సుమారు ఆరు గంటలు. ఆ సమయం అడవికి.

సముద్రం దగ్గర పిల్లల కంటే పెద్దవాళ్లతోనే చిక్కు. విశాఖ బీచ్‌లోలాగా పాదాలు తడుపుకుంటూ, సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగడం అక్కడ కుదరదు. చాలాసేపు చిన్న అలలే వచ్చి, ఉన్నట్టుండి ఒకటి ఎంతో పైకి దూసుకొస్తుంది. ఒడ్డున పడున్న దుంగ కూర్చోవడానికి బాగుంటుంది గానీ, కొద్ది అంగుళాల నీటికే దొర్లి మనిషిని కిందేసుకుంటుంది. ఈ కాపలా పని మనవరాలికి అప్పగించండి. “నానమ్మా, అటు తిరుగు, అల చూసుకో” అని తెలుగులో చెప్పాలి. కొడుకు చెబితే కసురుకున్నట్టుంటుంది, కోడలు చెబితే మొహమాటం. మనవరాలు చెబితే వింటారు. చెత్త సంగతీ అంతే. అరటి తొక్క పారేస్తే ఏ మేకో తింటుందన్న లెక్క ఇక్కడిది. అక్కడ పులిహోరలో ఏరిన కరివేపాకు కూడా కవర్లో వేసుకుని వెనక్కి తేవాల్సిందే.

తాతయ్య వంతు జెయింట్ స్ప్రూస్ అనే పెద్ద చెట్టు దగ్గర. విజిటర్ సెంటర్ నుంచి మైలు దూరం, వాగు వెంబడే, దాదాపు చదునుగా ఉంటుంది. 185 అడుగులు దాటిన ఆ చెట్టు వయసు 550 ఏళ్ల పైమాటే. 1591లో చార్మినార్ కట్టేనాటికే వందేళ్లు నిండిన చెట్టని ఆయన చెబితే పిల్లలకు గుర్తుంటుంది. పడిపోయిన మాను మీద మొలిచిందది. కింది మాను కుళ్లిపోయాక వేర్ల మధ్య ఖాళీ మిగిలింది, పిల్లలు అందులోంచి దూరి వెళ్తారు.

కొండ కొన మీదికి కాలిబాట నిటారు. పెద్దవాళ్లతో కారులోనే వెళ్లండి, పైన పావు మైలు చుట్టు నడక చాలు. అడవిలో సిగ్నల్ నమ్ముకోవద్దు, మ్యాప్ ముందే దించుకోవాలి. చాలా కాలిబాటల మొదట్లో ఉండే టాయిలెట్లలో నీళ్లుండవు. కారులో ఒక పెద్ద సీసా నీళ్లు, సబ్బు విడిగా పెట్టుకోండి.