ఆగ్న్యూ అధ్యక్షుడై ఉంటే

రాత్రి భోజనాల దగ్గర ఈయన అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "అందరూ ఆ తానులో ముక్కలే, ఎవరు గద్దె ఎక్కితే ఏమిటి?" అన్నారు, పెరుగన్నం కలుపుకుంటూ. నేను చదువుతున్న కథ గురించి చెబుతుంటే వచ్చిన మాట అది. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ దిగిపోయిన రోజు, నిజంగా ఆ పదవిలోకి వచ్చిన ఫోర్డ్‌కు బదులు, ఆయన మొదటి ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ ప్రమాణం చేస్తాడు, అదీ కథ. చిన్నది కూడా తండ్రికే వంత పాడింది. దానికి ఉద్యోగం ఖాయమైందని మధ్యాహ్నమే తెలిసింది, ఇల్లంతా సంతోషం. ఆ సంగతి రేపు రాస్తాను.

మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో ఆగ్న్యూ లంచాలపై దర్యాప్తే జరగలేదని ఒక్క వాక్యంలో తేల్చేశాడు ఆ కథకుడు. అది నాకు మింగుడుపడలేదు. అక్కడి ఫెడరల్ ప్రాసిక్యూటర్ జార్జ్ బీల్, ఆయన కింద పనిచేసే కుర్ర న్యాయవాదులు మొదట ఆగ్న్యూ కోసం వెతకనేలేదు. కౌంటీ పనుల్లో లంచాల గురించి కూపీ లాగుతుంటే తీగ ఉపాధ్యక్షుడి దాకా వెళ్ళింది. బీల్ రిపబ్లికన్, ఆయన అన్న అదే పార్టీ సెనేటర్. అయినా ఆపలేదు. లెస్టర్ మాట్జ్ అనే ఇంజనీరు, వాషింగ్టన్‌లో ఉపాధ్యక్షుడి కార్యాలయంలోనే నగదు కవరు అందించానని వాళ్ళకు చెప్పాడు.

ఆ కవరు దగ్గరే నా చదువు ఆగిపోయింది. మా బాబాయి చిన్న కాంట్రాక్టరు, కల్వర్టులు కట్టేవాడు. బిల్లు పాసయ్యే ముందు రోజు రాత్రి నోట్లు లెక్కపెట్టి కవర్లలో పెట్టేవాడు, అంచులకు జిగురు రాయడం నా పని. ఒక్కో కవరుపై పెన్సిలుతో ఒక పొడి అక్షరం, పేరు ఉండదు. బాబాయి ముఖంలో కోపం ఉండేది కాదు, సిగ్గూ ఉండేది కాదు. సిమెంటుకు ఇంత, కూలికి ఇంత, పర్సెంటేజీకి ఇంత అని ఒకే నోటుబుక్కులో రాసుకునేవాడు. పిన్ని మాత్రం ఆ రాత్రి వంటింట్లోంచి బయటకు వచ్చేది కాదు.

ఆగ్న్యూ 1973 అక్టోబరు 10న రాజీనామా చేశాడు. 1967 ఆదాయంపై పన్ను ఎగ్గొట్టాడన్న ఒక్క అభియోగాన్ని కాదనలేదు. పది వేల డాలర్ల జరిమానా, మూడేళ్ళ ప్రొబేషన్, అంతే. జైలు లేదు. ఇంత కాలం దీన్ని నేను అన్యాయమనే అనుకుంటూ వచ్చాను. అటార్నీ జనరల్ ఎలియట్ రిచర్డ్‌సన్ ఎందుకంత మెత్తబడ్డాడని కోపం.

ఈ రాత్రి తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే వేరేగా తోస్తోంది. సరిగ్గా పది రోజుల తరువాత, అక్టోబరు 20న, నిక్సన్ మెడకు చుట్టుకున్న వాటర్‌గేట్ కుంభకోణంపై దర్యాప్తు చేస్తున్న ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను తొలగించమని నిక్సన్ ఆదేశిస్తే, ఆ పని చేయలేక రిచర్డ్‌సన్ తానే రాజీనామా చేశాడు. అభియోగం మోపినా దిగనని ఆగ్న్యూ సెప్టెంబరు 29న లాస్ ఏంజెలెస్‌లో సభ ముందు చెప్పి ఉన్నాడు. ఆ పంతం ఇంకో పది రోజులు సాగి ఉంటే ఆ కేసు ఎవరి చేతిలో పడేదో! శిక్షకంటే ముందు ఆ మనిషిని అధ్యక్ష పదవికి వారసుడి స్థానంలోంచి తప్పించడమే రిచర్డ్‌సన్‌కు ముఖ్యమైంది. ఇప్పుడు నాకూ అదే సరైనదనిపిస్తోంది.

అలాగైతే ఆ కథే తప్పు. ఆగ్న్యూ పదవిలో ఉండి ఉంటే నిక్సన్‌ను దింపడానికి అక్కడి చట్టసభ కాంగ్రెస్‌కు చేతులు వచ్చేవి కావు. తరువాత వచ్చేది ఆగ్న్యూ కదా అని జంకేవారు. ఆగ్న్యూ అధ్యక్షుడు కావడం కాదు, నిక్సన్ చివరిదాకా ఉండిపోవడమే జరిగేదేమో. ఎవరైతే ఏమిటన్న మాటకు భోజనాల దగ్గర నాకు తట్టని జవాబు ఇదే.

మేరీలాండ్ పౌరులు వేసిన దావాలో ఓడి, 1983లో వడ్డీతో కలిపి రెండు లక్షల అరవై ఎనిమిది వేల డాలర్ల పైచిలుకు రాష్ట్ర ఖజానాకు కట్టాడు ఆగ్న్యూ. మాట్జ్ లాంటి వాళ్ళు నోరు విప్పకపోతే అదీ లేదు. బాబాయిని అడగడానికి ఎవరూ రాలేదు. వచ్చి ఉంటే చెప్పేవాడనే అనుకుంటాను. పిన్ని అయితే ఆ నోటుబుక్కు తానే తెచ్చి ఇచ్చేది.