చిన్నప్పరెడ్డి గారి తీర్పు మళ్లీ చదివాను

ఏప్రిల్ 13

ఒంటిపూట బడులు కాబట్టి మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశాను. ఎండ మండిపోతోంది. అన్నం తిని కాసేపు నడుం వాలుద్దామనుకుంటూ ఫోన్‌లో తేదీ చూశాను. సుప్రీంకోర్టు జడ్జిగా చేసిన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి గారు 2013లో పోయింది ఈరోజే. ఇక నిద్ర పట్టలేదు. ఆయన తీర్పుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన జాతీయ గీతం కేసు తీసి మొదటినుంచి చదివాను.

టీచర్‌ని కాబట్టి ఆ కేసు నాకు మరీ దగ్గరగా అనిపిస్తుంది. 1985లో కేరళలో జరిగింది. ముగ్గురు తోబుట్టువులు, పదో తరగతి ఒకరు, తొమ్మిది ఒకరు, ఐదు ఒకరు. యెహోవా సాక్షులు అనే శాఖకు చెందిన కుటుంబం. ప్రేయర్‌లో జనగణమన మొదలైతే అందరితోపాటు లేచి నిలబడేవాళ్లు, కానీ పాడేవాళ్లు కాదు. తమ దేవుణ్ని తప్ప మరొకరిని కీర్తించకూడదన్నది వాళ్ల నమ్మకం. ఏళ్ల తరబడి ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. ఒక ఎమ్మెల్యే చూసి అసెంబ్లీలో లేవనెత్తడంతో గొడవైంది. ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. ఆ పిల్లలు బుద్ధిమంతులని, గీతాన్ని అగౌరవపరచలేదని ఆ కమిషనే చెప్పింది. అయినా పైనుంచి ఆదేశం రావడంతో హెడ్‌మిస్ట్రెస్ ముగ్గురినీ బడి నుంచి తీసేశారు.

హైకోర్టులో పిల్లలు ఓడిపోయారు. గీతంలోని ఒక్కొక్క మాటా పరిశీలించి, ఎవరి మత విశ్వాసాన్నీ నొప్పించే మాట ఇందులో లేదు కదా అంది ఆ కోర్టు. సుప్రీంకోర్టులో చిన్నప్పరెడ్డి గారు అసలు ప్రశ్న అది కాదన్నారు. ఆ నమ్మకం మనకు సబబుగా తోచిందా లేదా అన్నది కాదు, వాళ్లు దాన్ని నిజాయితీగా, మనస్సాక్షిగా నమ్ముతున్నారా లేదా అన్నదే చూడాలన్నారు. గీతాలాపనను అడ్డుకుంటే, పాడేవాళ్లకు ఆటంకం కలిగిస్తే 1971 నాటి చట్టం ప్రకారం నేరం. పాడి తీరాలని మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు. లేచి మౌనంగా నిలబడ్డ పిల్లలు గౌరవించినట్టే లెక్క. 1986 ఆగస్టులో వచ్చిన ఆ తీర్పు, పిల్లల్ని మళ్లీ బళ్లో చేర్చుకోమంది.

చివర్లో ఆయన రాసిన మాటలు తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటాయి: మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం సహనాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు. చదివిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. రోజూ ప్రేయర్‌లో పిల్లల ముందు నిలబడేదాన్ని. ఎవరు పాడుతున్నారో, ఎవరు పెదాలు కదుపుతున్నారో, ఎవరు ఊరుకున్నారో మాకు తెలుస్తూనే ఉంటుంది. బడి నుంచి ఒక పిల్లను పంపించెయ్యడమంటే ఎంత పెద్ద శిక్షో కూడా తెలుసు. అందుకే, దేశంలోని అత్యున్నత న్యాయస్థానం ఆ ముగ్గురి కోసం ఇంత ఓపిగ్గా ఆలోచించిందంటే నాకు ఎంతో గొప్పగా ఉంటుంది. అది రాసినాయన మన రాయలసీమ మనిషి కావడం ఇంకా సంతోషం.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జిగా ఉన్న ఆయన్ని ఎమర్జెన్సీ రోజుల్లో పంజాబ్, హర్యానా హైకోర్టుకు బదిలీ చేశారు. 1978 నుంచి 1987 దాకా సుప్రీంకోర్టులో ఉన్నారు. 1982లో ఢిల్లీ పోలీసు శాఖలోని ఒక డ్రైవర్ కానిస్టేబుల్, మిగతా శాఖల డ్రైవర్ల జీతం తనకెందుకు లేదని అడిగితే, సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగం పెట్టుకున్న లక్ష్యమేనని తేల్చారు. చేసే పనితో, వచ్చే జీతంతో సంబంధం లేని సమానత్వం మామూలు జనానికి ఎందుకన్నది ఆయన వాదన. ఉద్యోగం చేసుకు బతికేవాళ్లం, ఆ మాట విలువ మాకు విడమరిచి చెప్పక్కర్లేదు.

సాయంత్రం వాతీశ్వరన్ కేసు కూడా చదివాను. ఉరిశిక్ష పడి ఏళ్ల తరబడి ఒంటరి గదిలో రోజులు లెక్కపెట్టుకున్న మనిషి కేసు. శిక్ష అమలు రెండేళ్లకు మించి ఆలస్యమైతే దాన్ని యావజ్జీవానికి మార్చాలని 1983లో ఆయన చెప్పారు. కొద్ది వారాలకే మరో బెంచ్ దాంతో విభేదించింది. 1989లో సుప్రీంకోర్టులోనే అంతకంటే పెద్దదైన రాజ్యాంగ ధర్మాసనం ఆ రెండేళ్ల గడువును పక్కన పెట్టేసింది. అయితే, ఎడతెగని ఆలస్యం కూడా మనిషిని హింసించడమేనన్న ఆయన ఆలోచన మాత్రం నిలిచింది. 2014 జనవరిలో సుప్రీంకోర్టు, క్షమాభిక్ష అర్జీలు తేల్చడంలో జరిగిన ఆలస్యమే ప్రధాన కారణంగా, 15 మంది ఉరిశిక్షలను యావజ్జీవంగా మార్చింది. అప్పటికి ఆయన పోయి ఏడాదైనా కాలేదు. ఆ వార్త ఆయన కూడా విని ఉంటే ఎంత బాగుండేదో.