పాండవ గుళ్ళు కట్టినోళ్ళ ఊరెక్కడ?

తిరుపతి నుంచి చంద్రగిరి వచ్చేవాళ్ళు రాజమహల్ చూసుకుని, కోటలో ఫోటోలు దిగి వెనక్కి పోతారు. దోర్నకంబాల వైపు బండి తిప్పేవాళ్ళు తక్కువ. ఆ దారిలో మల్లయ్యపల్లె గుట్ట మీద, ఆ కోట కన్నా వెయ్యేళ్ళకు పైగా పాత కట్టడం ఒకటుంది. పాండవ గుళ్ళు అంటారు, పాండవుల బండ అని కూడా అంటారు. పురాతత్వం వాళ్ళ మాటల్లో అది డాల్మెన్, బృహత్ శిలాయుగం, అంటే పెద్ద పెద్ద రాళ్ళతో సమాధులు కట్టిన కాలం నాటిది. తిరుపతికి 20 కిలోమీటర్లే.

హైస్కూల్లో సోషల్ చెప్పే మా బావ తోడొచ్చాడు. ఎండ ముదరక ముందే ఎక్కాలని ఆయన పట్టు. ఎందుకో పైకెళ్ళాక తెలిసింది. రాతి కంబాల మీద నిలబెట్టిన పెద్ద బండ అది. రాతి మీద రాతితోనే పొడిచి తీర్చిన బొమ్మలున్నాయి. పొద్దుటి వెలుగు ఏటవాలుగా పడినంతసేపే అవి కంటికి ఆనతాయి. నేను ముఖం దగ్గరగా పెట్టి వేలితో తడిమితే ఒక్కో పొడుపూ విడివిడిగా తగిలింది. ఎన్ని దెబ్బలు వేస్తే ఒక్క గీత తేలిందో!

దక్షిణాదిలో ఇలాంటి కట్టడాలు ఎక్కువగా ఇనుప యుగం నాటి సమాధులు. సుమారు క్రీ.పూ. 1200 నుంచి 300 దాకా ఈ ఆచారం సాగింది. తవ్విన చోట్ల ఎముకలు, లోపల నలుపు బయట ఎరుపు ఉండే కుండలు, ఇనుప పనిముట్లు దొరికాయి. సమాధులైతే వేలల్లో ఉన్నాయి, ఆ మనుషులు కాపురమున్న ఊళ్ళు మాత్రం చాలా తక్కువ బయటపడ్డాయి. చచ్చినవాళ్ళకు రాయి వాడారు, తాము మట్టిలో, కట్టెల కింద బతికారు. రాయి నిలిచింది.

బండ నీడలో కూచుని బావ స్టోన్‌హెంజ్ సంగతి ఎత్తాడు. ఇంగ్లండులోని ఆ రాళ్ళను అందరూ చూస్తారు కానీ, అక్కడ పండగ చేసుకున్న జనం ఎక్కడ దిగేవాళ్ళన్నది చాలాకాలం ఎవరికీ తేలలేదు. బ్రిటిష్ పురాతత్వవేత్త మైక్ పార్కర్ పియర్సన్ బృందం సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, డరింగ్టన్ వాల్స్ అనే చోట తవ్వి, క్రీ.పూ. 2500 ప్రాంతపు ఇళ్ళు బయటపెట్టింది. 2007లో ప్రకటించారు. రాయి పూర్వీకులకు, కట్టె బతికినవాళ్ళకు అన్న ఊహ అంతకు ముందే 1998లో ఆయనకు మడగాస్కర్ పురాతత్వవేత్త రామిలిసోనినా ద్వారా అందింది. వాళ్ళ దేశంలో ఇప్పటికీ అదే ఆచారమట.

ఆ ఇళ్ళు చిన్నవి, అయిదు మీటర్ల చదరం. సుద్దమట్టితో అలికిన నేల, నడుమ పొయ్యి, మంచాల చట్రాలు పెట్టిన గాడులు, ఎటు చూసినా పంది ఎముకలు. ఒక ఇంట్లో పొయ్యి పక్కన నేల రెండు చోట్ల గుంటపడింది. ఎవరో రోజూ అక్కడే మోకాళ్ళూని మంట చూసుకునేవాళ్ళన్న మాట. మా అవ్వ సంగటి కెలికేటప్పుడు కూచునే తీరే అది. అది విన్నాక స్టోన్‌హెంజ్ రాళ్ళ మీద కన్నా ఆ రెండు గుంటల మీదే నా మనసు పోయింది.

అంత పాత నేల ఎలా మిగిలింది? తర్వాతి కాలంలో చుట్టూ పోసిన మట్టికట్ట కిందపడి, నాగలి తగలకుండా మిగిలింది.

మన దగ్గరా లేకపోలేదు. సరిహద్దు అవతల తమిళనాడులో, పాత ఉత్తర ఆర్కాడు జిల్లాలోని పైయంపల్లిలో కేంద్ర పురాతత్వ శాఖ 1960ల్లో తవ్వితే ఇనుము రాక ముందటి నవీన శిలాయుగం నాటి గుంట ఇళ్ళు, కాలిన ఉలవలు, పెసలు దొరికాయి. దాని పైపొరల్లో ఈ డాల్మెన్ల కాలపు జనమూ ఉన్నారు. అలాంటి ఊరు ఈ గుట్ట కింద ఎందుకుండకూడదు? నీళ్ళు, మేత, రాయి అన్నీ దగ్గరే.

దిగేటప్పుడు మామిడితోట అంచున గొర్రెలు మేపుతున్న పెద్దాయన కనిపించాడు.

"పాండవులు వనవాసంలో ఈడే ఉండారు నాయనా," అన్నాడు.

"ఇల్లు యాడ కట్టుకున్నారు పెద్దాయనా?" అని బావ అడిగాడు.

ఆయన ఆలోచనలో పడ్డాడు. "అదెవురూ అడగలా. దున్నితే పెంకులొస్తాయి, గెనిమ మీద పారేస్తాం."

ఆ గెనిమ దగ్గరికి తీసుకెళ్ళాడు. పెంకులు పాతవో పోయిన ఏడాదివో మాలాంటివాళ్ళం చెప్పలేం, ముట్టుకోకుండా ఫోటోలు మాత్రం తీసుకున్నాం. గెనిమ మాత్రం బాగా ఎత్తుగా, వెడల్పుగా ఉంది. వేసవిలో జేసీబీ పెట్టి తీసేసి కయ్య కలుపుకుంటారట. డరింగ్టన్‌లో ఇళ్ళను కాపాడింది కూడా ఇలాంటి మట్టికట్టేనని బావ ఆయనకు ఓపిగ్గా చెప్పాడు. మిషను దించే ముందు ఒక్క ఫోన్ చేస్తే, పురాతత్వ శాఖ వాళ్ళకు తానే రాస్తానని నంబరిచ్చాడు.

"మా అబ్బోడితో చెప్తా సార్," అన్నాడాయన. "కయ్య వాడిదే."