అంగిట్లో పళ్ళు

పారిస్ వెళ్ళినవాళ్ళు మ్యూజియం అంటే లూవ్ర్ అనే అనుకుంటారు. నేను మాత్రం ఒక మధ్యాహ్నమంతా జార్దాఁ దె ప్లాంత్ తోటలో ఉన్న ఎముకల గ్యాలరీలో గడిపాను. 1898లో తెరిచారు దీన్ని. లోపలికి అడుగు పెట్టగానే దాదాపు వెయ్యి అస్థిపంజరాలు, చాలావరకు ఒకే వైపు మొహం పెట్టి నిలబడి ఉంటాయి. జనమంతా తిమింగలాల దగ్గరే. నేను చేపలు, పాములు, మొసళ్ళ వైపు వెళ్ళాను. వాటి నోళ్ళలోకి తొంగి చూడాలని ఎన్నాళ్ళనుంచో కోరిక.

సొరచేప దవడను ముందునుంచి చూస్తే భయం తప్ప ఏమీ తెలియదు. పక్కకు జరిగి, వంగి, లోపలి వైపు చూడాలి. ముందు వరస వెనక ఇంకో వరస, దాని వెనక మరొకటి, బస్సు కోసం క్యూ కట్టినట్టు పడుకుని ఉంటాయి. దవడ గట్టి ఎముక కాదు, మెత్తటి మృదులాస్థి కాబట్టి పళ్ళకు గుంటలు లేవు, చిగురు కండే పట్టుకుని ఉంటుంది. ముందుది ఊడితే వెనకది లేచి నిలబడుతుంది, బతికినన్నాళ్ళూ. దాని చర్మం మీది గరుకు పొలుసుల నిర్మాణం కూడా పన్ను లాంటిదే: మధ్యలో గుజ్జు, చుట్టూ డెంటిన్ అనే ఎముకలాంటి పదార్థం, పైన గట్టి పూత.

పైక్ చేపకు అంగిలి నిండా సూదులు. బతికున్నప్పుడు అవి లోపలికే వంగుతాయి, బయటికి వంగవు. నోట్లో పడ్డ చేపకు వెళ్ళే దారి ఒక్కటే. బొచ్చె, శీలావతి లాంటి కార్ప్ కుటుంబం చేపల దవడల మీద అసలు పళ్ళే ఉండవు. ఉన్నవన్నీ గొంతులో, చివరి మొప్ప ఎముక మీద.

కప్పలకు సాధారణంగా పై దవడకే పళ్ళు, అవీ చిన్నవి. నమలడానికి కాదు, పట్టుకోవడానికి. టోడ్‌లకు, అంటే గోదురుకప్పలకు, అవి కూడా లేవు. తాబేళ్ళకు పళ్ళే లేవు, పక్షికున్నట్టు గట్టి ముక్కే దిక్కు.

మొసలి దగ్గర కాస్త ఆగాను. మన పళ్ళలాగే దాని పళ్ళూ గుంటల్లో దిగి ఉంటాయి. తేడా ఏమిటంటే, పాత పన్ను బోలు వేరు కిందే కొత్తది పెరుగుతూ ఉంటుంది. రెండు సెట్లతో సరిపెట్టుకుని డెంటిస్టు దగ్గర కూర్చునే మన బతుకు చూస్తే కొంచెం కుళ్ళు పుట్టింది.

కానీ ఎక్కువసేపు నిలబెట్టింది కొండచిలువ పుర్రె. కింద రెండు వరసలు. పైన నాలుగు! దవడ అంచున ఒకటి, అంగిలి మీద ఒకటి, అటూ ఇటూ. అన్నీ గొంతు వైపు వంగిన కొక్కేలు. అంగిలి ఎముకలు కుడి, ఎడమ విడివిడిగా కదులుతాయి. ఒకవైపు పళ్ళు పట్టుకుంటే రెండో వైపు ముందుకు జరిగి గుచ్చుకుంటుంది. అంటే పాము వేటను లోపలికి లాక్కోవడం కన్నా, దాని మీదుగా తన తలనే నడిపించుకుంటూ పోతుందనడం సరైన మాట. ఇది విషం లేని పాము సంగతి. రక్తపింజర కోర మడిచి పెట్టుకుంటుంది, నాగుపాముది దాదాపు నిలిచే ఉంటుంది. ఏ కోర ఊడినా వెనక ఇంకోటి సిద్ధం.

పై అంతస్తులో మోససార్ అనే, ఇప్పుడు లేని జంతువు పుర్రె ఉంది. 18వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ దగ్గరి గనిలో దొరికింది. 1794లో ఫ్రెంచి సైన్యం ఆ ఊరు పట్టుకుని దీన్నీ పట్టుకొచ్చింది. మొసలా, తిమింగలమా అని పండితులు కొట్టుకున్నారు. సముద్రంలో బతికిన పెద్ద బల్లి అని 1808లో ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త క్యువియే తేల్చాడు. చూడ్డానికొచ్చేవాళ్ళు అంచున ఉన్న లావు పళ్ళనే చూసి వెళ్ళిపోతున్నారు. మోససార్‌లకు అంగిలి మీద కూడా, పాముకు ఉన్నట్టే, వెనక్కి వంగిన పళ్ళ వరస ఉండేది. ఉడుముకు ఆ వరస లేదు. మోససార్ ఉడుములకు దగ్గర చుట్టమా, పాములకా అన్న తగాదా శాస్త్రవేత్తల్లో ఇంకా తెగలేదు. కింద కొండచిలువను చూసి వచ్చాక నా ఓటు పాములకే.