ఆరడుగుల పట్ ఇంకా కుడికే పోతోంది

గోల్ఫ్ టోర్నీలో మళ్ళీ ఒక్క స్ట్రోక్‌తో కట్ (రెండు రౌండ్ల తర్వాత ఎవరు మిగలాలో తేల్చే స్కోరు) పోయింది. ఈ సీజన్‌లో నాలుగోసారి. రెండు రౌండ్లలో ఆరడుగుల దగ్గర ఐదు పట్‌లు (కప్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి, అంటే గ్రీన్ మీద, బంతిని కప్‌లోకి దొర్లించే దెబ్బలు) పోయాయి, ఐదూ కుడి పక్కకే. పద్దెనిమిదో గ్రీన్ మీద చివరిది పడిపోయిందనుకుని క్యాడీ జెండా పెట్టడానికి వంగాడు కూడా. బంతి కుడి అంచు చుట్టి బయటికొచ్చి ఆగింది. దూరం కొట్టే డ్రైవర్, దగ్గరి దెబ్బల వెడ్జ్‌లు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.

ఎనిమిది అడుగుల నుంచి అమెరికా అగ్రశ్రేణి పీజీఏ టూర్ వాళ్ళే సగం వేస్తారు, దాని గురించి బాధ లేదు. ఆరడుగులు అలా కాదు. కప్ వెడల్పు 108 మిల్లీమీటర్లు, దూరం 183 సెంటీమీటర్లు. బంతి మెల్లగా చేరితే అటూ ఇటూ 1.7 డిగ్రీలు తేడా వచ్చినా పడుతుంది. నేను గట్టిగా కొడతాను, కాబట్టి నాకు మిగిలేది ఒక డిగ్రీ అనుకున్నాను. బంతికి 30 సెంటీమీటర్ల ముందు రెండు టీలు (నేలలో గుచ్చే చిన్న పుల్లలు) 53 మిల్లీమీటర్ల ఎడంతో గుచ్చాను. బంతి 42.67, చెరో పక్కా మిగిలేది ఐదు మిల్లీమీటర్లే. యాభైకి 46 దూరాయి!

మరి మ్యాచ్‌లో ఎందుకు పోతున్నాయి? ముందు లై యాంగిల్‌ని (పట్ కొట్టే కర్ర, పటర్, నేలతో చేసే కోణం) అనుమానించాను. టో (పటర్ తల కొస) రెండు డిగ్రీలు లేచి ఉంది నిజమే, కానీ మూడు డిగ్రీల లాఫ్ట్‌కి (పటర్ ముఖం పైకి వాలిన కోణం) అది చేసే తేడా డిగ్రీలో పదో వంతు, అదీ ఎడమకి. అది కాదు. రెండు రోజులు తల పట్టుకున్నాక తట్టింది: టీలే నాకు గురి చూపిస్తున్నాయి. అవి తీసేసి, నేల మీద అద్దం పెట్టి నిలబడితే కళ్ళు బంతి వెళ్ళాల్సిన గీతకి మూడు సెంటీమీటర్లు లోపల, నా వైపుకి ఉన్నాయి. అక్కణ్ణుంచి నాకు కుడి వైపే తిన్నగా కనిపిస్తోంది. రెండు సెంటీమీటర్లు దగ్గరికి జరిగాక సమతలం మీద సరిపోయింది, వాలు మీద మళ్ళీ అదే గొడవ. ఇంకో అనుమానం, పోయిన వారం గ్రీన్ స్టింప్ (బంతి దొర్లే వేగం కొలత, తక్కువైతే నెమ్మది) 11, ఈ వారం 9. పటర్ ఎక్కువ వెనక్కి తీయాల్సి వచ్చి ఫేస్ (బంతిని తాకే ముఖం) కుడికి తెరుచుకుంటోందేమో.

బ్లేడ్ (సన్నటి తల ఉన్న పటర్) చేతిలో ఎంత హాయిగా ఉన్నా గురికి ఒడిస్సీ టూ-బాల్ పటర్ మేలు, వెనక రెండు తెల్ల బిళ్ళలు బంతి సైజులోనే ఉంటాయి. సోమవారం క్వాలిఫయర్‌కి (టోర్నీలో చోటు కోసం ఆడే పోటీ) అదే తీసుకెళ్తున్నాను. అప్పటిదాకా టీలు లేవు, రోజూ వాలు మీదే వంద. పీజీఏ టూర్‌కి ఒక మెట్టు కింద, నాకు పై టూర్ అయిన కార్న్ ఫెర్రీలోనే 2025 నుంచి పీజీఏ టూర్ కార్డులు (అక్కడ ఆడే హక్కు) 30 నుంచి 20కి తగ్గాయి, ఈ ఒక్క డిగ్రీ ఇప్పుడే సరిచేసుకోవాలి. స్టింప్ సంగతి తేలాక కొలతలు రాస్తాను.