గల్లీ మొదట్లోనే సైరన్ ఆపేశారు

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. అమ్మ ఊళ్ళో ఉంటుంది, అక్కా బావా హైదరాబాద్‌లో ఉంటారు. నాకు డిప్రెషన్ వచ్చిందంటే జనం మొట్టమొదట అడిగేది "ఏం కష్టమొచ్చింది?" అని. చెప్పుకోదగ్గ కష్టం ఏమీ లేదు. అప్పుల్లేవు, లవ్ ఫెయిల్యూర్ లేదు, ఓనరు మంచోడే. అయినా వచ్చింది. షుగర్ వచ్చినోణ్ణి "ఎందుకొచ్చింది, ఏం బాధ?" అని ఎవరూ నిలదీయరు గానీ దీనికి మాత్రం అందరికీ ఒక కథ కావాలి.

మొదట నిద్ర పోయింది. రాత్రి పడుకోగానే పట్టేది, తెల్లవారుజామున మూడింటికల్లా ఠక్కున మెలకువ వచ్చేది, ఇక తెల్లారేదాకా కప్పు చూస్తూ పడుకోవడమే. తర్వాత ఆకలి పోయింది. అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా మూత కూడా తీయలేదంటే నన్ను ఎరిగినోళ్ళు నమ్మరు. మిల్లులో లారీ తూకం స్లిప్పు చేతిలో పట్టుకుని అదే అంకె పదిసార్లు చదివేవాణ్ణి, తల ఎత్తేసరికి మర్చిపోయేవాణ్ణి. దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ గ్యాస్ ట్రబుల్ అని మాత్రలు, నీరసానికి ఒక సూది ఇచ్చాడు. అమ్మ దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. ఇవన్నీ అయ్యేసరికి వానాకాలం పోయి చలికాలం వచ్చింది, నేను మాత్రం రోజురోజుకీ లోపలికి ముడుచుకుపోతూనే ఉన్నాను.

ఆ తర్వాత ఇంకో ఆలోచన మొదలైంది. నేను లేకపోతే వీళ్ళందరికీ బరువు తగ్గుతుంది అని. ఇప్పుడు రాస్తుంటే నాకే వింతగా ఉంది కానీ అప్పుడు అది బాధతో వచ్చిన మాటలా అనిపించలేదు, మిల్లు లెడ్జర్‌లో తేలిన లెక్కలా, చాలా సబబుగా అనిపించింది. ఈ జబ్బులో భయపడాల్సింది అక్కడే అని తర్వాత డాక్టర్ గారు చెప్పారు, ఏడ్చే మనిషి కంటే ఇలా లెక్క తేల్చుకుని నెమ్మదించిన మనిషిని చూసి ఇంట్లోవాళ్ళు ఎక్కువ జాగ్రత్త పడాలట.

ఒక రాత్రి అక్కకి "అమ్మను బాగా చూసుకో" అని మెసేజ్ పెట్టాను. ఏం చేద్దామనుకున్నానో ఇక్కడ రాయను, అది ఎవరికీ పనికొచ్చే సంగతి కాదు. అక్క వెంటనే ఫోన్ చేసింది. నేను ముక్తసరిగా మాట్లాడాను. అది నన్ను తిట్టలేదు, ఏడవలేదు. "ఒరేయ్, నేను నీతో మాట్లాడుతూనే ఉంటా, బావ పక్కన 112కి ఫోన్ చేస్తున్నాడు, నీకు చెప్పే చేస్తున్నాం, సరేనా" అంది. నాకు చెప్పకుండా చేసి ఉంటే పోలీసుల్ని చూడగానే నేను ఇంకోలా చేసేవాణ్ణేమో. బావ మా ఇంటి ఓనరు పేరు, గల్లీ మొదట్లో కిరాణా కొట్టు, పైన రెండో గది, అన్నీ విడమర్చి చెప్పాడట. హైదరాబాద్‌లో కూర్చుని వాళ్ళు చేయగలిగింది అంతే, అది సరిపోయింది కూడా.

బ్లూ కోల్ట్స్ బండి మీద ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. ఒకాయన యాభై దాటినాయన, ఇంకో అబ్బాయి కొత్తగా చేరినట్టున్నాడు. నేను తలుపు దబదబా బాదుతారనుకున్నాను, కింద గల్లీ అంతా లేస్తుందనుకున్నాను. పెద్దాయన మెట్ల మీద నుంచే "తమ్ముడూ, మీ అక్క పంపితే వచ్చినం, పైకి రావచ్చా?" అని అడిగాడు. పోలీసాయన నన్ను పర్మిషన్ అడగడం! ఆ అడగడంతోనే సగం టెన్షన్ దిగింది.

గదిలోకి వచ్చి టోపీ తీసి మంచం మీద పెట్టాడు. నడుముకున్న వైర్‌లెస్ సెట్ గరగరమంటుంటే దాని సౌండు తగ్గించాడు. కుర్చీ ఉన్నా కూర్చోకుండా నేను కింద కూర్చున్నానని ఆయనా కిందే, ఎదురుగా కాకుండా పక్కకి కూర్చున్నాడు. చిన్నాయన్ని కిందికి పంపి ఓనరు వాళ్ళని, పక్కింటోళ్ళని లోపలికి వెళ్ళమని చెప్పించాడు, ఫోన్ ఎత్తి వీడియో తియ్యబోతున్న కుర్రాణ్ణి చిన్నాయన ఆపాడని తర్వాత తెలిసింది.

ఆయన మొదట అడిగింది "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నవా?" అని. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత నా వైపు చూసి సూటిగా అడిగాడు.

"తమ్ముడూ, చచ్చిపోదామనుకుంటున్నవా?"

అన్ని నెలల్లో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అందరూ చుట్టూ తిరిగేవాళ్ళు, "అదోలా ఉన్నావేంట్రా", "పిచ్చి పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు" అని. పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు అన్నాక ఇక ఏం చెప్తాం, లేవనే చెప్తాం కదా. ఆయన అలా అడిగేసరికి నాకు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది. అవునన్నాను. ఆయన ఉలిక్కిపడలేదు, "ఛీ, అవేం మాటలు" అనలేదు. "ఎప్పటి సంది?" అన్నాడు. చెప్పాను. "గదిలో ఏమన్నా తెచ్చిపెట్టుకున్నవా? ఉంటే చెప్పు, నేను తీస్కపోత, మల్ల అడగను" అన్నాడు. చెప్పాను, తీసి చిన్నాయన చేతికిచ్చి కిందికి పంపేశాడు. ఆ తర్వాత గదిలో గాలి ఆడినట్టయింది.

అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. పుట్టించదు, అడిగితే బరువు దిగుతుంది అని డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే పోలీసులకి, ఫైర్ వాళ్ళకి, ముందుగా చేరుకునే ఇతర సిబ్బందికి ఆత్మహత్యల నివారణ మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం వేసింది. ఆయన అది చదివాడని నేననుకోను. ముప్పై ఏళ్ళ సర్వీసులో చూసి చూసి వచ్చిన తెలివి అది. కానీ అందరికీ ముప్పై ఏళ్ళు పట్టకూడదు కదా, ట్రైనింగ్‌లోనే నేర్పాలి.

నాకు ఆ రాత్రి పట్టుకున్న ఇంకో భయం కేసు. ఆత్మహత్యాయత్నం నేరం, లోపలేస్తారు అని చిన్నప్పటి నుంచి విన్నదే. పాత ఐపీసీ 309 సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉండేది, నిజమే. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ఆ స్థితికి వచ్చిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, 309 కింద శిక్షించకూడదు అంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షన్ అసలు లేదు, ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తేవడానికి చేసే ప్రయత్నం మీద మాత్రం వేరే సెక్షన్ పెట్టారు. అదే 2017 చట్టంలో 100వ సెక్షన్ ప్రకారం, మానసిక జబ్బు వల్ల తనకు తాను హాని చేసుకునేలా ఉన్న మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే, వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా దగ్గర్లోని ప్రభుత్వ వైద్య సంస్థకి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. ఇదంతా నేను తర్వాత చదువుకున్నది. ఆ రాత్రి ఆయన చెప్పింది ఒకే మాట: "కేసు గీసు ఏం లేదు, దవాఖానకు పోదాం, అంతే."

108 వచ్చింది. గల్లీ మొదట్లోనే సైరన్ ఆపేశారు. ఇది చిన్న విషయమని నేననుకోను. ఆ సైరన్‌తో ఇంటి ముందుకి వచ్చి ఉంటే మర్నాడు నేను ఆ గల్లీలో తలెత్తుకుని నడవగలిగేవాణ్ణి కాదు, ఆ సిగ్గే మళ్ళీ నన్ను అక్కడికే తోసేది. 108లో డ్రైవర్‌ని పైలట్ అంటారు, ఆయన స్ట్రెచర్ దించబోతే, బండిలో వైద్యం చూసే ఈఎంటీ అమ్మాయి వద్దంది, "అన్న నడుస్తాడు" అంది. ఏం చేయబోయినా ముందు చెప్పింది. "అన్నా, ఇప్పుడు చెయ్యి పట్టుకుని బీపీ చూస్తున్నా", "ఈ క్లిప్ వేలికి పెడుతున్నా, నొప్పి ఉండదు", "తలుపు వేస్తున్నా, లైటు ఉంటుంది." మన ఒంటి మీద మనకే పట్టు లేని ఆ సమయంలో ఎవరో ఇలా ఒక్కోటి చెప్పి చేస్తుంటే ఎంత నిమ్మదిస్తుందో. "నిద్రపోయి ఎన్ని రోజులైందన్నా?" అని అడిగింది, ఫోన్ లాక్కోకుండా అక్కతో మాట్లాడుకోనిచ్చింది.

ఆసుపత్రి పేరు చెప్పను. క్యాజువాలిటీలో ఒకాయన కాగితం మీద వివరాలు రాసుకుంటూ "ఇంత చదువుకున్నావ్, అమ్మ గుర్తు రాలేదా?" అన్నాడు. అమ్మ గుర్తు రాకపోవడమేంటి, అన్ని నెలలూ గుర్తొచ్చిందే అమ్మ! ఆ మాటతో నేను లేచి బయటికి నడవబోయాను కూడా. ఈఎంటీ అమ్మాయి ఇంకా వెళ్ళలేదు కాబట్టి సరిపోయింది. డ్యూటీ డాక్టర్‌ని పక్కకి తీసుకెళ్ళి, నలుగురికీ వినపడకుండా, నేను ఎలా ఉన్నానో, ఏం చెప్పానో, గదిలోంచి ఏం తీసేశారో, ఒంటరిగా వదలకూడదనీ చెప్పింది. అదే కథ మళ్ళీ మొదటి నుంచి కొత్త మనిషికి చెప్పుకోవాల్సిన పని నాకు తప్పింది. అక్కా బావా కారులో వచ్చేదాకా పెద్ద కానిస్టేబుల్ బెంచీ మీదే కూర్చున్నాడు. బావ చేతిలో నా చేయి పెట్టి లేచాడు, అక్షరాలా అలాగే చేశాడు.

వైద్యం సంగతి గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అది సినిమా కాదు. సైకియాట్రిస్టు గారు థైరాయిడ్, బి12 పరీక్షలు రాయించారు, ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. మొదట్లో వికారం, వణుకు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు, మనసు తేలికపడక ముందే ఒంట్లో ఓపిక రావచ్చు, ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలని. మాత్రలు అక్క దగ్గరే ఉండేవి, కొద్దికొద్దిగా రాసిచ్చేవారు. ఒక కాగితం మీద నా చేతే రాయించారు: చెడ్డ రోజు మొదలవుతున్నట్టు నాకెలా తెలుస్తుంది, అప్పుడు నేనొక్కణ్ణే ఏం చేయగలను, ఎవరి దగ్గరికి వెళ్ళి కూర్చోగలను, ఎవరికి ఫోన్ చేయాలి. నా మొదటి గుర్తు ఏంటో తెలుసా, స్నానం మానెయ్యడం. అది అక్క చెప్తేనే రాశాను.

డిశ్చార్జి అయి అక్క వాళ్ళింట్లో ఉండగా పెద్ద కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. "తమ్ముడూ, నిద్ర పడుతుందా? మందులు వేసుకుంటున్నవా? సరే పెట్టేస్తా." అంతే. తర్వాత కూడా అప్పుడప్పుడూ చేసేవాడు, ఎప్పుడూ రెండు నిమిషాలు దాటలేదు. నేను బతికున్నానో లేదో తెలుసుకోవాలని డ్యూటీతో పనిలేని మనిషి ఒకాయన ఉన్నాడన్నది నాకు మందుతో సమానంగా పనిచేసింది. ఇది నా భక్తి మాత్రమే కాదు. చెన్నై కూడా ఉన్న ఐదు చోట్ల, ఆత్మహత్యాయత్నం తర్వాత ఎమర్జెన్సీకి వచ్చిన 1,867 మందితో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక అధ్యయనం చేసి 2008లో ఫలితాలు ప్రచురించింది. మామూలు వైద్యంతో పాటు కొందరికి ఒక గంట విడమర్చి చెప్పి, ఆ తర్వాత 18 నెలల పాటు ఫోన్లతోనో ఇంటికెళ్ళో పలకరించారు. వాళ్ళలో ఆత్మహత్య మరణాలు బాగా తక్కువ. ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన మొదటి వారాలే అన్నిటికంటే ప్రమాదం కాబట్టి, రాత్రి తెచ్చి దింపేసి వెళ్ళిపోతే పని అయిపోయినట్టు కాదు.

మధ్యలో ఒకసారి మళ్ళీ కింద పడ్డాను. అర్ధరాత్రి అక్కని లేపబుద్ధి కాక 14416కి చేశాను, అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది, డబ్బులు పడవు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడారు. డాక్టర్ గారు రాయించిన కాగితం సంగతి చెప్తే అవతలి అమ్మాయి అది తీయమంది, మొదటి లైను చదవమంది. చదివాను. స్నానం చేశారా అని అడిగింది. ఇద్దరం నవ్వాం.

ఇప్పుడు మిల్లుకి వెళ్తున్నాను. మందు ఇంకా వేసుకుంటున్నాను, బాగున్నాను కదా అని సొంతంగా ఆపొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. మొన్న పెద్ద కానిస్టేబుల్ స్టేషన్‌కి పిలిచి, కొత్త కుర్రాళ్ళతో కాసేపు మాట్లాడమన్నాడు. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని వాళ్ళు అడిగినవన్నీ పనికొచ్చే ప్రశ్నలే. ఏం అనకూడదు? ("నీకేం తక్కువ" అనొద్దు, "మాటివ్వు, ఒట్టు పెట్టు" అనొద్దు.) తాగి ఉంటే? తాగినోడని వదిలేసి రావద్దు, అప్పుడే ఎక్కువ ప్రమాదం, పక్కన ఉండండి. తలుపు తీయకపోతే? మీ ఎస్సై గారిని అడగండి, నాకు తలుపులు పగలగొట్టడం తెలియదు అన్నాను. అందరూ వెళ్ళాక ఒకతను ఆగి, చూసిన శవాలు కల్లోకి వస్తున్నాయి, నిద్ర పట్టట్లేదు, మీ డాక్టర్ నంబరు ఇస్తారా అని అడిగాడు. నేనూ సూటిగా అడిగాను, ఆ పెద్దాయన నన్నడిగిన ప్రశ్నే. లేదన్నాడు, అంత దాకా రాలేదన్నాడు. డాక్టర్ నంబరూ 14416 రెండూ ఇచ్చి, అపాయింట్‌మెంట్ అక్కడే కూర్చోబెట్టి తీయించాను.

వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు, ఈసారి 108 వాళ్ళని కూడా పిలుస్తారట. వస్తానన్నాను, కాకపోతే సాయంత్రం పూటే కుదురుతుంది, మిల్లులో ధాన్యం సీజన్ మొదలైంది.