టోగా: రోమను పౌరుడి ఉన్ని వస్త్రం

తిరుమల కల్యాణోత్సవానికి పంచె కట్టుకొని వచ్చి, భుజం మీంచి జారే ఉత్తరీయాన్ని మాటిమాటికీ సర్దుకునే మగవారిని చూసినప్పుడల్లా నాకు ప్రాచీన రోమనుల టోగా గుర్తుకు వస్తుంది. ఇటలీలో రోమనుల పొరుగు జాతి అయిన ఎట్రుస్కనుల పైవస్త్రమైన టెబెన్నా నుంచి అది పుట్టిందని పండితుల భావన. మొదట్లో స్త్రీ పురుషులిద్దరూ ధరించిన ఆ ఉన్ని గుడ్డ, కాలక్రమంలో పౌరసత్వం గల పురుషుడికి చిహ్నంగా మారి, విదేశీయులకు నిషిద్ధమైంది. సామ్రాజ్య కాలానికి దాదాపు 5 మీటర్ల పొడవుకు పెరిగి, ముడి లేకుండా మడతల పట్టుతోనే నిలుస్తూ ఎడమ చేతిని కదలనివ్వని ఆ వస్త్రం, నా దృష్టిలో, ఒళ్లు వంచి పని చేయనక్కరలేనివారి కోసం తయారైనదే. ఊదా అంచు టోగా ఉన్నతాధికారులకూ, స్వతంత్రుల ఇంటి బాలురకూ చెల్లేది. ఎన్నికల్లో నిలిచేవారు తమ టోగాను సుద్దతో తెల్లగా మెరిపించుకునేవారు. మన నాయకుల గంజి పెట్టిన ఖద్దరుకు అంత శ్రమ అక్కరలేదు.